సగం ముఖంతో చూసిన అమృతం

2024 డిసెంబరులో నా ముఖంలో కుడి సగం కదలడం మానేసింది. పొద్దున్నే పళ్ళు తోముకుని పుక్కిలించబోతే నీళ్ళు పెదవుల కుడి మూల నుంచి జారి చీర మీద పడ్డాయి. అద్దంలో చూసుకుంటే కుడి కన్ను మూతపడడం లేదు, నుదుటి మీద ఆ వైపు ముడతలు లేవు, మాట్లాడబోతే మూతి మొత్తం ఎడమకు లాగుతోంది. మా అత్తయ్యగారు చూడగానే పక్షవాతమని భయపడి దేవుడి గదిలోకి వెళ్ళి ముడుపు కట్టారు. మావారు ఆటో పిలిచారు.

ఆసుపత్రిలో నరాల వైద్యుడు రెండు చేతులూ చాపి పట్టుకోమన్నారు, నడిపించారు, తరువాత కనుబొమలు పైకెత్తమన్నారు. మెదడుకు వచ్చే పక్షవాతంలో సాధారణంగా ముఖం కింది భాగం వాలినా నుదురు కదులుతుందట, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. నాకు నుదురు కూడా కదలలేదు, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, కనుక లోపం మెదడులో కాక ముఖానికి వచ్చే ఏడవ కపాల నాడిలో ఉందని ఆయన తేల్చారు. చెవి వెనుక ఎముకలోని ఇరుకైన దారి గుండా వచ్చే ఆ నాడి వాచినప్పుడు, వాపుకు చోటు చాలక అది నలిగిపోతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ నాడిని వివరించిన స్కాట్లండ్ శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ పేరు మీద దీనిని బెల్స్ పాల్సీ అంటారు. ఎందుకు వస్తుందో కచ్చితంగా తేలలేదు కాని, ఒంట్లో ఎప్పటినుంచో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ జాతి వైరస్ తిరిగి లేవడం ఒక కారణమని ఎక్కువమంది వైద్యులు భావిస్తున్నారు.

మొదలైన 72 గంటలలోపు స్టెరాయిడ్ మాత్రలు పడితే కోలుకునే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ ఒక్క విషయం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే మమ్మల్ని పరామర్శించడానికి వచ్చినవారిలో కొందరు పావురం రక్తం రాయమన్నారు, కొందరు పసరు మందు పోయించే ఊరి పేరు చెప్పారు, అందరూ చల్లగాలి సోకిందనే అన్నారు. వారందరిదీ ప్రేమే. అయితే ఆ ప్రయాణాలలోనే ఆ మూడు రోజులూ గడిచిపోతాయి, పైగా అది నిజంగా మెదడు పక్షవాతమే అయితే గంటలు కూడా విలువైనవి.

నేను విజయవాడలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిని. ఓష్ఠ్యాలైన ప, ఫ, బ, భ, మ పలకాలంటే రెండు పెదవులూ పూర్తిగా కలవాలి. నా పెదవులు సగమే కలిసేవి, మిగతా సగంలోంచి గాలి పోయేది. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పద్యం చదవడం నేర్పిన నోటితో ‘అమ్మ’ అన్న మాట స్పష్టంగా రాకపోవడం నాకు ముఖం వంకర పోవడం కంటే ఎక్కువ దుఃఖం కలిగించింది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

ఆ జబ్బు బయటికి కనిపించేది సగమే. ఆ నాడి చెవిలోని ఒక చిన్న కండరాన్ని కూడా నడుపుతుంది, పెద్ద శబ్దాలు లోపలికి తీవ్రంగా రాకుండా ఆపేది అదే. అది పని చేయకపోయేసరికి కుక్కర్ ఈల, మిక్సీ, స్టీలు కంచం గట్టు మీద పెట్టిన చప్పుడు కుడి చెవిలో బాధగా మోగేవి. నాలుక ముందు భాగానికి రుచిని తెలిపే తంతువులూ ఆ నాడితోనే వస్తాయి, అందుచేత చారులో పులుపు ఒక పక్కే తెలిసేది. అన్నం మెతుకులు కుడి బుగ్గలో చిక్కుకుపోయేవి. కన్ను మూతపడదు కనుక పగలు గంట గంటకూ చుక్కల మందు, రాత్రి లేపనం వేసి, రెప్పను టేపుతో మూయడం తప్పనిసరి. లేకపోతే కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. రాత్రి టేపు అంటించే పని మా అమ్మాయి తీసుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, పుస్తకం మూసి పడుకోబోయే ముందు వచ్చి, రెప్ప వెంట్రుకలు నలగకుండా ఎంతో ఓర్పుతో ఆ పని చేసేది.

స్టెరాయిడ్ వల్ల నాకు నిద్ర పట్టేది కాదు, చదువుదామంటే ఒక కంటితో అక్షరాలు అలికినట్టుండేవి. టీవీలో ఇప్పటి హాస్య కార్యక్రమాలు పెడితే అరుపులూ చప్పట్లూ చెవికి తట్టుకోలేనివిగా ఉండేవి. అప్పుడు మావారు యూట్యూబులో ‘అమృతం’ మొదటి భాగం నుంచి పెట్టారు. గుణ్ణం గంగరాజు గారు రూపొందించిన ఆ ధారావాహిక 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమిని టీవీలో ఆదివారం రాత్రుళ్ళు వచ్చేది. మూడు వందలకు పైగా భాగాలు. మా పెళ్ళయిన కొత్తలో మొదలై, మా అమ్మాయి పుట్టిన ఏడాది ముగిసింది కనుక, మా కాపురం తొలి రోజులన్నీ దానితో కలిసే ఉన్నాయి. ఆదివారం ఆ వేళకు ముందే వంట ముగించి, మామయ్యగారితో సహా అందరం ముందు గదిలో చేరేవాళ్ళం. ఇంటి యజమాని అప్పాజీగా శివన్నారాయణ గారు కనిపించగానే మామయ్యగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆయన ఇప్పుడు లేరు.

తెర మీద కళ్ళు పెడితే రెప్ప ఆర్పడం తగ్గుతుందని, దాని వల్ల కన్ను మరింత ఎండుతుందని వైద్యుడు హెచ్చరించారు. కనుక ఒక భాగం చూడడం, చుక్కలు వేసుకోవడం, కళ్ళు మూసి విశ్రాంతి తీసుకోవడం అన్న క్రమం పెట్టుకున్నాము. ఈ క్రమం మా ఇంటి పనుల్లోకి చక్కగా అమరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, సంక్రాంతి అరిసెలకు నువ్వులు ఏరుతూనో నా పక్కన కూర్చునేవారు. కథానాయకుడు అమృతరావు (అందరికీ అమృతం), అతని స్నేహితుడు ఆంజనేయులు త్వరగా ధనవంతులు కావాలని వేసే ప్రతి పథకమూ, వారి అమృత విలాస్ హోటల్లో పనివాడు సర్వం చేసే ప్రతి పొరపాటూ ఆవిడకు ముందే తెలుసు. “ఇప్పుడు చూడమ్మాయ్, వీడు కొంప ముంచుతాడు” అని ఆవిడ అనడమూ, తెర మీద సరిగ్గా అలాగే జరగడమూ, మేమిద్దరం నవ్వడమూ రోజూ జరిగేది. జబ్బుగా ఉన్నప్పుడు తెలిసిన హాస్యానికి ఉన్న బలం నాకు అప్పుడు అర్థమైంది. తరువాత ఏమవుతుందో తెలియని సంగతులు నా ఒంట్లోనే చాలినన్ని ఉన్నాయి. ఎక్కడ నవ్వు వస్తుందో ముందుగా తెలిసి ఉండడం ఆ రోజుల్లో నాకు ఎంతో ఊరట.

చెవి బాధ ఎక్కువైన పూట శబ్దం పూర్తిగా తీసేసి చూసేదాన్ని. ఆంజనేయులు వేషం వేసిన గుండు హనుమంతరావు గారి నటనను నేను నిజంగా గమనించింది అలా చూసినప్పుడే. ఆంజనేయులుకు ఒక సంగతి ఆలస్యంగా అర్థమయ్యే సన్నివేశాలలో ఆయన ముందు కనుబొమలను నిలిపి ఉంచుతారు, తరువాత కళ్ళు కొంచెం పెద్దవవుతాయి, ఆ తరువాతే పెదవి కింది నుంచి వణుకుతుంది. మాట లేకుండానే నవ్వు వచ్చేస్తుంది. ఒక్క సన్నని నాడి, కొన్ని చిన్న కండరాలు కలిసి మనిషి చేత ఇంత చెప్పించగలవని, నా ముఖంలో సగం మూగబోయిన తరువాత గాని నేను ఆలోచించలేదు. మా విజయవాడవారే అయిన ఆ నటుడు 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞత చెప్పుకోలేదన్న బాధ నాకు ఈ జబ్బులో కలిగింది.

దూరదర్శన్ రోజుల్లో ‘ఆనందో బ్రహ్మ’ చూసినవాళ్ళం కనుక, అత్తయ్యగారు ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి సన్నివేశాలు కూడా అడిగి పెట్టించుకునేవారు. ఆయనను మాత్రం శబ్దం తీసేసి చూడలేము. ఆయన హాస్యమంతా మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో తెలిసిన ఆ గొంతులో ఉంది. ఆ వాక్యాలను నేను తక్కువ గొంతుతో అనుకరిస్తూ పలికేదాన్ని, బుగ్గను వేలితో కాస్త పైకి పట్టుకుంటే ‘బ’ కొంత దగ్గరగా వచ్చేది. నా ఉచ్చారణ సాధన పదో తరగతి వాచకంతో కాక ధర్మవరపు గారి మాటలతోనే మొదలైందని చెప్పడానికి నాకు సంతోషంగా ఉంది.

మూతి పూర్తిగా వాలి ఉన్న ఆ వారాలలో నేను నవ్వినప్పుడల్లా ఎడమ వైపు మాత్రమే ఎగసి ముఖం మరింత వంకరగా కనిపించేది. ఎవరైనా వస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఒక రోజు మావారు పక్కింటివాళ్ళ ముందు నవ్వవద్దని నేను పడుతున్న అవస్థ చూసి, టీవీ వైపు చూపిస్తూ, “అమృతానికి ఎన్నిసార్లు ముఖం మారిందో చెప్పు” అని అడిగారు. నిజమే. ఆ పాత్రను మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆ తరువాత హర్షవర్ధన్ వేశారు. 2020లో ఓటీటీలో వచ్చిన కొనసాగింపులో ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ గారు వచ్చారు. ముఖం మారిన వారం ఇంట్లో అందరం కొంత గొణిగేవాళ్ళం, రెండు మూడు వారాలకు అలవాటు పడేవాళ్ళం. ఆ ఇల్లూ హోటలూ స్నేహమూ అలాగే ఉన్నాయి కనుక మనిషి అమృతమే అని ఒప్పుకునేవాళ్ళం. మావారు ఇంకేమీ అనలేదు. అత్తయ్యగారు మాత్రం నువ్వులు ఏరడం ఆపి, “మాకు నువ్వు అలవాటైపోయావు కదమ్మాయ్, మొహం సంగతి ఎవరు చూస్తున్నారు?” అన్నారు. ఆ సాయంత్రం నుంచి నేను ఇంట్లో కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఫిజియోథెరపీ చేయించిన అమ్మాయి నవ్వును గురించి నాకు ఒక విలువైన సంగతి చెప్పింది. బలవంతంగా, పెద్దగా ముఖాన్ని కదిలిస్తే బాగున్న వైపే పని మొత్తం లాక్కుంటుందని, తిరిగి మొలిచే నాడి తంతువులు దారి తప్పి వేరే కండరాలకు చేరే ప్రమాదమూ ఉంటుందని, కనుక అద్దం ముందు చాలా చిన్నగా, నెమ్మదిగా, రెండు వైపులూ సమానంగా కదిలేంత మేరకే సాధన చేయాలని చెప్పింది. బెలూన్లు ఊదవద్దన్నది, గట్టిగా నమలవద్దన్నది. మరి టీవీ చూసి నవ్వితే ఎలాగని అడిగాను. నవ్వు ఆపుకోనవసరం లేదు, నవ్వు వచ్చినప్పుడు ఎడమ బుగ్గను అరచేత్తో మెల్లగా ఆపి పట్టుకుంటే చాలునన్నది. అప్పటి నుంచి నేను ‘అమృతం’ చూసినప్పుడల్లా ఎడమ చెయ్యి బుగ్గ మీదే ఉండేది, మా అమ్మాయి కూడా నా పక్కన కూర్చుని నాకు తోడుగా అలాగే పట్టుకునేది.

సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకు మొదటి కదలిక వచ్చింది. అది నాకు తెలియలేదు, అత్తయ్యగారికి తెలిసింది. ఆంజనేయులు భార్య శాంత, అమృతం భార్య సంజీవని కలిసి తమ భర్తలను నిలదీసే ఒక సన్నివేశంలో నేను నవ్వుతుంటే, ఆవిడ తెర వైపు కాక నా వైపు చూస్తూ, “అమ్మాయ్, కుడి ముక్కుపుట కదిలింది” అన్నారు. అద్దం తెచ్చి చూసుకుంటే కావాలని కదిలించబోయినా రాలేదు, మళ్ళీ నవ్వు వచ్చినప్పుడు వెంట్రుకవాసి కదిలింది. వైద్యుడికి చెబితే అది మంచి సూచన అన్నారు. ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి మూడు వారాల నుంచి కొద్ది నెలలలోపు ముఖం తిరిగి వస్తుందని, అందుచేత ధారావాహిక వల్ల తగ్గిందని అనుకోవద్దని కూడా చెప్పారు. నేను అలా అనుకోవడం లేదు. నాడి తన పద్ధతిలో తాను కోలుకుంది, మాత్రలు వాపు తగ్గించాయి. ఆ నాడి కోలుకునే దాకా నేను ఎదురుచూడగలగడానికి మాత్రం గంగరాజు గారి బృందం, మా అత్తయ్యగారి పక్కన ఉన్న ఆ చాప, మా అమ్మాయి వేళ్ళు కారణం. దీనిని నేను మందు కంటే తక్కువగా తలచను.

తరువాతి మార్పులు వేగంగా వచ్చాయి. రెప్ప ముందు సగం, తరువాత పూర్తిగా మూతపడింది. రాత్రి టేపు అక్కరలేకుండా పోయింది. ఉసిరి పచ్చడిలో పులుపు నాలుకకు రెండు వైపులా తెలిసింది. కుక్కర్ ఈల మామూలు ఈలే అయింది. ముఖ కదలికను ఆరు మెట్లుగా లెక్కించే హౌస్-బ్రాక్‌మన్ కొలతలో ఐదవ మెట్టు నుంచి రెండవ మెట్టుకు వచ్చానని వైద్యుడు రాసి ఇచ్చారు, మొదటి మెట్టు అంటే పూర్తి ఆరోగ్యం.

మార్చిలో, పదో తరగతి పరీక్షల ముందు పునశ్చరణకు పాఠశాలకు వెళ్ళాను. ఓష్ఠ్యాలు దాదాపు మునుపటిలాగే వచ్చాయి, ఎక్కువసేపు చదివితే మాత్రం సాయంత్రానికి కుడి పెదవి అలసిపోయేది. పెద్దగా నవ్వినప్పుడు నా కుడి కన్ను ఇప్పటికీ కాస్త చిన్నదవుతుంది. నాడి తంతువులు కొన్ని దారి మారడం వల్ల అలా జరుగుతుందట, సాధనతో ఇంకా తగ్గవచ్చు, కొంత మిగలవచ్చు కూడా. అద్దం ముందు సాధన పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కొనసాగుతోంది. అమ్మాయి ఇంటర్ పరీక్షలు పూర్తయ్యాక హర్షవర్ధన్ అమృతంగా ఉన్న భాగాలు మొదలుపెట్టాము, వాటిలో తనకు నచ్చినవి ఏవో అత్తయ్యగారు ముందే గుర్తు చేసుకుని వరుస తప్పించి పెట్టమంటున్నారు, మేము పెడుతున్నాము.