రామప్ప నేల, నా మణికట్టు

పియానో నేర్పేవాళ్ల చేతికి దెబ్బ తగిలితే పోయేది కచేరీ ఒక్కటే కాదు. శిష్యులకు "ఇదిగో, ఇలా" అని వాయించి చూపే వీలు కూడా పోతుంది. కుడి మణికట్టు విరిగిన నాటి నుంచి నా పాఠాలన్నీ నోటిమాటతోనే సాగుతున్నాయి. ఎముక అతికింది, కట్టు విప్పారు, ఫిజియోథెరపీ నడుస్తోంది. చెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా నా స్వాధీనంలోకి రాలేదు. హనుమకొండలో ఉండే నా శిష్యురాలు రామప్ప గుడి చూపిస్తానని పట్టుబడితే సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాను.

వేయి స్తంభాల గుడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. అక్కడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. ఏళ్ల తరబడి ఓపిక పట్టిన ఆ పనివాళ్లకు మనసులోనే దండం పెట్టుకుని కారెక్కాను.

పాలంపేటకు దాదాపు 70 కిలోమీటర్లు. ములుగు దాటాక శిష్యురాలి తల్లి సర్వపిండి డబ్బా తెరిచారు. "నేను తుంచి పెడతాను మేడమ్" అన్నారు ఆవిడ. వద్దని కుడిచేత్తోనే తుంచాను. కరకరలాడే అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి విరవడం ఆ చేతికి మంచి కసరత్తు.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి రామప్ప. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఎర్రటి ఇసుకరాతి గోడలు, చూరు కింద మదనికలు అనే నల్లరాతి స్త్రీ శిల్పాలు ఫొటోల్లో అందరూ చూసినవే. ఫొటోల్లో తెలియనిది నేల. మండపంలోకి అడుగుపెట్టగానే పాదాలకు అందింది: పలకలు ఒకచోట ఉబ్బి, మరోచోట కుంగి ఉన్నాయి. పైన దూలాల మీద పగుళ్లు. ఎప్పుడో వచ్చిన భూకంపం గుర్తులని గైడు చెప్పారు. పునాది గుంటను ఇసుకతో నింపి దాని మీద గుడి కట్టారట. నేల కదిలినప్పుడు ఆ ఇసుక కొంత సర్దుకుని, అదురును తనలో ఇముడ్చుకుంటుంది. గట్టి బండ మీద బిగించి ఉంటే ఇన్ని రాళ్లు ఎనిమిది వందల ఏళ్లు ఇలా నిలిచేవా అన్నది ఆయన ప్రశ్న.

ఆ ఎగుడుదిగుడు నేల మీద నేను కుడిచేతిని పొట్టకు అదిమిపెట్టుకుని నడుస్తున్నాను. శిష్యురాలు కాసేపు చూసి, "మేడమ్, మణికట్టు వదిలేయండి" అంది. ఆమెకు నేను చెప్పిన మొదటి పాఠం అదే. భుజం నుంచి వచ్చే బరువు మణికట్టు గుండా వేలికి, వేలి నుంచి పియానో మెట్టుకు దిగాలి. మణికట్టు బిగిస్తే ఆ బరువు దారిలోనే ఆగిపోతుంది, ముంజేయి త్వరగా అలిసిపోతుంది, స్వరం మొద్దుబారుతుంది. చెయ్యి కిందికి వదిలాను. భయపడినంత నొప్పి లేదు.

గర్భాలయ ద్వారం పక్కన వేణువు ఊదే కృష్ణుడి శిల్పం ఉంది. దాన్ని వేలితో తడితే సప్తస్వరాలు పలుకుతాయని అంటారు. గైడు మెల్లగా తట్టి చూపించారు. చోటు మారినకొద్దీ స్థాయి మారడం నాకు స్పష్టంగా వినిపించింది. నన్నూ తట్టమన్నారు గానీ వద్దన్నాను. వచ్చిన ప్రతివారూ తడుతూ పోతే ఆ సన్నటి చెక్కడం ఎంతకాలం మిగులుతుంది?

బయట వేపచెట్టు కింద కూర్చుని శిష్యురాలికి పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ సంగతి చెప్పాను. బాఖ్ వయొలిన్ కోసం రాసిన డి మైనర్ చకోన్ అనే రచనను స్వరకర్త బ్రామ్స్ 1877లో ఎడమచేతికి మాత్రమే కుదిర్చి ఆమెకు పంపాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే సొరుగు లాగబోయి క్లారా కుడిచేతి నరం బెణికింది. కుడిచెయ్యి దెబ్బతిన్నప్పుడు రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ కూడా ఎడమచేతికే ఒక ప్రెల్యూడ్, ఒక నాక్టర్న్ అనే చిన్న పియానో రచనలు రాసుకున్నాడు. అమెరికన్ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేతి చివరి రెండు వేళ్లు 1964లో ముడుచుకుపోయాయి. అయినా ఆయన పాఠాలు చెప్పడం మానలేదు, దశాబ్దాల తర్వాత రెండు చేతులతో మళ్లీ వేదికెక్కాడు. ఈ కష్టకాలంలో నాకు ఎంతో ధైర్యం ఇచ్చినవాళ్లు వీళ్లే.

సాయంత్రం హనుమకొండలో శిష్యురాలి డిజిటల్ పియానో ముందు కూర్చున్నాను. కుడిచేత్తో సి మేజర్ స్కేల్. మధ్యవేలి కిందుగా బొటనవేలు దూరాల్సిన చోట మణికట్టు పట్టేసింది. శిష్యురాలు లయ కొట్టే మెట్రోనోమ్ వేగం తగ్గించి, "ఇంకా నెమ్మదిగా, మేడమ్" అంది. తగ్గించాక దాటింది.

వచ్చే వారం నుంచి ఆమెకు స్క్రియాబిన్ ప్రెల్యూడ్ మొదలుపెడుతున్నాను. ఎడమచేతిది కాబట్టి, దాన్ని వాయించి చూపగలను.