పొట్లం విప్పే ముందు ఫ్యాను ఆపాలి

రోహిణీ కార్తెలో ఫ్యాను ఆపి కూర్చోవడమంటే ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సబ్బులో పొడిరంగు కలపాలంటే మాత్రం ఆ తపస్సు తప్పదు. మా వంటింట్లో టైల్సు మధ్య గీతలు ఇప్పటికీ నల్లగా ఉన్నాయంటే, ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలియడమే కారణం.

ఇంట్లో సబ్బు చేయడం అప్పటికే చేతికి అలవాటైంది. కొబ్బరినూనె 300 గ్రాములు, వేరుశనగ నూనె 150, ఆముదం 50. వాటికి కాస్టిక్ సోడా 77 గ్రాములు, నీళ్లు 165 గ్రాములు. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ డబ్బా మూత కూడా తీయను. ఇంత భయభక్తులతో చేసినా వచ్చే సబ్బు మాత్రం ఎప్పుడూ వెన్నముద్ద రంగే. రంగు మీద ఆశ పుట్టింది. పెద్దబజారులో ముగ్గుల రంగులు చవకగా దొరుకుతాయి కానీ అవి వాకిట్లో చల్లుకోవడానికి, ఒంటికి రాసుకోవడానికి కాదు. అందుకని సబ్బులకు పనికొచ్చే రకమే తెప్పించాను: బొగ్గుపొడి, తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్, ఇటుకరంగు ఐరన్ ఆక్సైడ్, బంగారు ఛాయ అభ్రకం.

ముందుగా బొగ్గుపొడి. పొట్లం మూల కత్తిరించి చెంచా ముంచానో లేదో, మా వారు ఎండనపడి వచ్చి, "ఇంత ఉక్కలో ఎలా కూర్చున్నావు?" అంటూ స్విచ్చి వేశారు. ఆ పొడి పిండిలా కింద పడదు, పొగలా లేస్తుంది. ఆయన తెల్లచొక్కా, గట్టు మీద పాలగిన్నె, నా ముక్కుపుటాలు అన్నీ ఒకే రంగయ్యాయి. కంగారులో తడిగుడ్డ అందుకున్నాను. అసలు నష్టం అక్కడ జరిగింది. నీళ్లు తగలగానే బొగ్గు సిరాలా మారి టైల్సు సందుల్లోకి ఇంకిపోయింది. పొడిగా ఉన్నప్పుడే కాగితంతో మెల్లగా అద్ది తీయాలని, మిగిలినదాన్ని నూనె రాసిన గుడ్డతో తుడిచి ఆఖరున సబ్బునీళ్లు వాడాలని తర్వాత తెలుసుకున్నాను. ముక్కుకు మాస్కు కూడా అప్పటి నుంచే.

అంత జరిగినా ఆ రోజు బుద్ధి రాలేదు. బజ్జీల పిండిలా చిక్కబడిన సబ్బును రెండు గిన్నెల్లోకి పోసి, ఒకదానిలో బొగ్గు, మరొకదానిలో టైటానియం పొడిపొడిగానే చల్లి మర తిప్పాను. రెండో రోజు కోసి చూస్తే తెల్లసబ్బు నిండా సగ్గుబియ్యం గింజల్లాంటి ఉండలు. నల్లసబ్బు అయితే ఉండ ఉన్న చోట అరిగినప్పుడల్లా తువ్వాలుకు చార పెట్టింది.

మా అత్తమ్మ ఆ ముక్కను తిప్పి చూసి, "కాటుక ఎలా చేస్తారమ్మా? మసిని అలాగే కంట్లో చల్లుకుంటారా?" అంది. ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి పట్టిన మసిని మళ్లీ ఆముదంతోనే రంగరిస్తారు కదా. నా ఎదుట ఆముదం డబ్బా ఉంది, మసి లాంటి పొడి ఉంది, అయినా తట్టలేదు. ఆవిడే అటక మీది పాత కల్వం దించింది. చిన్న చెంచాడు బొగ్గుకు మూడు చెంచాల ఆముదం. మొదట పొడి నూనె మీద తేలుతూ మొండికేసింది. నూరే కొద్దీ రేణువుల మధ్య ఉన్న గాలి బుడగలుగా పైకి వచ్చి, ఐదారు నిమిషాలకు నిగనిగలాడే ముద్దయింది. వేలికి రాసుకుంటే గరుకు తగల్లేదు. ఆ మూడు చెంచాల ఆముదం ముందు చెప్పిన 50 గ్రాముల్లోంచే తీయాలి. అదనంగా పోస్తే సబ్బు జిడ్డు దేలుతుంది. టైటానియంలో నూనెకు కలిసేది, నీళ్లకు కలిసేది అని రెండు రకాలున్నాయి. నాది నూనె రకమే కాబట్టి సరిపోయింది.

మధ్యలో పసుపు కూడా వేసి చూశాను. సోడా తగలగానే పారాణిలా ఎర్రబడింది. సున్నం చేసే పనే సోడా కూడా చేసింది. ఎరుపు నిలుస్తుందని మురిశాను కానీ, వారాలు గడిచేసరికి వెలిసి మట్టి పసుపైంది.

ఇక అభ్రకం. అత్తమ్మ పుట్టిల్లు సైదాపురం వైపు, అభ్రకం గనుల సీమ. చిన్నప్పుడు కాకిబంగారం పొరలు గోటితో ఒలిచి ఆడుకున్న మనిషి. నా పొట్లంలోని మెరుపుపొడి కూడా అదేనంటే, ఇంత ధర పెట్టి కొన్నానని నొచ్చుకుంది. దాని మీద రంగుపూత ఉంటుందని చెప్పినా ఒప్పుకోలేదు.

నూనెలో నూరకుండా పొడిగానే వాడాల్సిన చోటు దీనికొకటుంది. నల్లసబ్బు పొర పోసి, కాస్త బిగిశాక దాని మీద అభ్రకం జల్లి, పైన తెల్లపొర పోస్తే కోసినప్పుడు మధ్యలో బంగారు గీత వస్తుంది. మొదటిసారి ఆశకొద్దీ చెంచాతో చల్లాను. కత్తి దిగగానే ప్రతి ముక్కా ఆ గీత దగ్గరే రెండుగా విడిపోయింది. అడ్డంగా అంత పొడి ఉంటే పైపొర కిందపొరను ఎలా అంటుకుంటుంది? రెండోసారి టీ వడపోసే జాలీలో చిటికెడు వేసి, అంచును వేలితో తట్టాను. ప్లాస్టిక్ జాలీ అయితే సగం పొడి దానికే పట్టుకుంటుంది, స్టీలుది వాడాలి. కింది నలుపు ఇంకా కనిపిస్తుండగానే ఆపేశాను. ఎనిమిది ముక్కల్లో ఏడు నిలిచాయి.

ఐదు వారాలు ఆరాక అత్తమ్మ ఒకటి తీసుకుంది, స్నానానికి కాదు, బీరువాలో చీరల మధ్య పెట్టుకోవడానికి.

ఇటుకరంగు పొట్లం ఇంకా విప్పలేదు. మాకు గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరులో. ఫ్యాను లేకుండా ఓ గంట కూర్చోగలిగేదాకా అది డబ్బాలోనే ఉంటుంది.