ఎర్రబారిన సాగర్ ఫొటో

నల్లగొండలో మా ఇంటి ట్రంకుపెట్టె సర్దుతుంటే, చిన్నప్పుడు నాగార్జునసాగర్ దగ్గర దిగిన కలర్ ఫొటో ఎర్రబారి కనిపించింది. దాని కిందే ఉన్న తాత నలుపు తెలుపు ఫొటో మాత్రం చెక్కుచెదరలేదు. తాత రూపాన్ని నిలిపింది వెండి. మా ఫొటోలో వెండి లేదు. కలర్ ఫిల్ములోనూ, ప్రింటు కాగితంలోనూ జెలటిన్ అనే జిగురు పదార్థంలో కలిపిన సిల్వర్ హాలైడ్ (వెలుగుకు స్పందించే వెండి లవణం) స్ఫటికాలు నీలం, ఆకుపచ్చ, ఎరుపు కాంతులకు విడివిడిగా స్పందించే పొరలుగా ఉంటాయి. వెలుగు సోకిన స్ఫటికాలను వెండిగా మార్చే డెవలపర్ అనే రసాయనం తాను ఆక్సీకరణం చెంది, ఆ పొరలోని కప్లర్లతో (రంగుగా మారే రసాయనాలతో) కలిసి పసుపు, మెజెంటా (ముదురు గులాబీ), సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగులను పుట్టిస్తుంది. ఆ పైన బ్లీచ్, ఫిక్సర్ అనే ద్రావణాలు వెండినంతా తొలగిస్తాయి. పాత ప్రింట్లలో చాలావాటికి, పెట్టెలో చీకట్లో దాచినా, సయాన్ ముందుగా వెలిసిపోతుంది. ఎరుపును అడ్డుకునే రంగు అదే కనుక సాగర్ నీళ్లు కూడా ఎర్రబడ్డాయి. అదృష్టవశాత్తు నెగటివ్ దొరికింది, రేపే స్కాన్ చేయిస్తాను.