మా అమ్మ మనసులోని రాజశేఖరం

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవల ఆధారంగా కె.ఎస్. ప్రకాశరావు గారి దర్శకత్వంలో 1976లో వచ్చిన సినిమాను మొన్న అమ్మతో కలిసి చూశాను. ఆ నవల పాత ప్రతి అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది. అట్ట ఊడిపోతే సూదీ దారంతో తానే కుట్టుకుంది.

తెర మీద అక్కినేని నాగేశ్వరరావు గారు కనిపించగానే, “ఎంత గొప్ప నటుడైనా, మా రాజశేఖరం ఈయన కాదే” అంది. అప్పటికే ఆయనకు యాభై దాటిన మాట నిజమే కానీ, అసలు కారణం అది కాదనుకుంటాను. నవల చదివిన ఆడపిల్లలందరూ ఎవరికి వారు తమ ఊహలో తీర్చిదిద్దుకున్న ఆ కథానాయకుడి స్థానంలో ఏ నటుడిని నిలబెట్టినా, వారిలో చాలామందికి అపరిచితుడిగానే కనిపించి ఉండేవాడు.

నాకు లోటుగా తోచింది కథానాయిక జయంతి విషయంలో. నవలలో ఆమె ఆత్మాభిమానం, తనలో తాను పడే తర్జనభర్జన పేజీల కొద్దీ సాగుతాయి. సినిమాలో ఆ భారమంతా వాణిశ్రీ గారి కళ్ల మీదే పడింది. ఆమె దాన్ని ఎంతో హుందాగా మోశారు, అయినా కథ తొందరపడింది. ప్రతి సన్నివేశమూ ఉండాలని అభిమానులు పట్టుబట్టడం న్యాయం కాదు గానీ, నాయిక మనసు మారడానికి పట్టే వ్యవధిని కుదించవద్దని కోరడం మాత్రం న్యాయమే. పత్రికలో సీరియల్‌గా పాఠకులను నిరీక్షింపజేసిన ఈ కథను మళ్లీ ఎవరైనా తీస్తే, వెబ్ సిరీస్‌గా, తీరికగా తీయాలని నా కోరిక.