హిమాలయాల కదలికకు కొలబద్ద మన రాతినేల

కడపలో కూర్చున్న మనం కూడా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతూనే ఉన్నాం. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే భారత ఫలకం, అంతా కలిసికట్టుగా కదులుతుంది కనుక కర్నూలుకూ కడపకూ మధ్య దూరం మారదు. నల్లమల కొండలు ముడుతలు పడి లేచిన కాలం ఎన్నడో గడిచిపోయింది. హిమాలయాల సంగతి వేరు. అక్కడ ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఈ వేగం తగ్గుతూ వస్తుంది కాబట్టి, పర్వతశ్రేణి అడ్డకొలత ఏటా 15 నుంచి 20 మిల్లీమీటర్ల మేర కుదించుకుపోతోంది. ఆ తగ్గుదలను లెక్కించాలంటే ఆధారంగా నిలకడైన నేల ఒకటి కావాలి. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఏళ్ల తరబడి పనిచేస్తున్న జీపీఎస్ కేంద్రాలు నిలిచినది అటువంటి దక్కను రాతి మీదే.

చేతిలోని ఫోను మన స్థానాన్ని కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది. పరిశోధకుల రిసీవర్లు మాత్రం 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే, దాదాపు 19 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల వాహక తరంగంలో (సంకేతాన్ని మోసుకొచ్చే రేడియో తరంగంలో) ఏ భాగం తమను చేరిందో కొలుస్తాయి. వాతావరణం పైభాగంలో విద్యుదావేశం గల పొర అయిన అయనోవరణం వల్ల సంకేతానికి కలిగే ఆలస్యాన్ని రెండు పౌనఃపున్యాలను పోల్చి తొలగిస్తారు. గాలిలోని తేమ ప్రభావాన్ని విడిగా అంచనా కడతారు. ఒక్క రోజు కొలతలో కొన్ని మిల్లీమీటర్ల దోషం మిగులుతుంది, నిలువు దిశలో అది ఇంకా ఎక్కువ. అందుకే ఏళ్ల తరబడి సేకరించిన రోజువారీ స్థానాలను గ్రాఫు మీద పెట్టి, ఆ గీత వాలును వేగంగా తీసుకుంటారు.

ఇంత శ్రమా యాంటెన్నా కింది పునాది సరిగా లేకపోతే వృథా అవుతుంది. మన నల్లరేగడిలో స్తంభం పాతామనుకుందాం. వేసవిలో నెర్రెలిచ్చి వానాకాలంలో ఉబ్బే ఆ మట్టి, స్తంభాన్ని కూడా తనతో పాటు కదిలిస్తుంది, అప్పుడు ఫలకం కదలిక ఏదో మట్టి కదలిక ఏదో తేల్చలేం. కాబట్టి పొరలూడని గట్టి బండను వెతికి, దానికి రంధ్రం చేసి, ఉక్కు కడ్డీని కదలకుండా బిగించి, దాని మీద యాంటెన్నా నిలుపుతారు. అంత జాగ్రత్త పడినా నేపాల్ కేంద్రాలు వర్షాకాలంలో కొద్దిగా కుంగి, నీరు తగ్గాక మళ్లీ పైకి లేస్తాయి; గంగా మైదానంలో నిలిచే నీటి బరువు అంతటిది.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో గోర్ఖా భూకంపం వచ్చినప్పుడు, అంతవరకు బిగుసుకుని ఉన్న భ్రంశతలం (భూగర్భంలో రాళ్లు విరిగి ఒకదానిపై ఒకటి జారే పగులు) జారి, కాఠ్మాండు ప్రాంతం క్షణాల్లో మీటరుకు పైగా దక్షిణానికి జరిగింది. పశ్చిమ నేపాల్‌లో 1505 నాటి పెద్ద భూకంపం తర్వాత అంతటిది మరొకటి రాలేదు. ఏటా 15 నుంచి 20 మిల్లీమీటర్ల లెక్కన అయిదు వందల ఏళ్లకు పేరుకునే జారుడు 7.5 నుంచి 10 మీటర్లు అవుతుంది. ఈ కొలత భూకంపం వచ్చే తేదీని చెప్పలేదు, కానీ అక్కడ ఇల్లు కట్టేవారు ఎంతటి కుదుపును లెక్కలోకి తీసుకోవాలో చెప్పగలదు.