అడగకుండానే తీర్పు చెప్పేస్తున్నాం

"లోకంలో కలిసిపోయాడు." విశ్వాసం వదిలేసిన మనిషి గురించి క్రైస్తవ సంఘాల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఈ ఒక్క మాట అనేస్తే ఇంక ఎవరూ ఏమీ ఆలోచించాల్సిన పని ఉండదు, తప్పంతా వెళ్ళినవాడి మీదికి పోతుంది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు మనం ఆ మనిషిని అసలు అడగనే అడగం, అదే నన్ను బాధపెడుతుంది.

అపొస్తలుడు పౌలు కూడా దేమా గురించి ఇలాగే రాశాడు కదా అంటారు. అవును, ఇహలోకం మీద ప్రేమతో నన్ను విడిచి థెస్సలొనీకకు వెళ్ళిపోయాడని రెండో తిమోతి 4:10లో ఉంది. అయితే అదే దేమాను ఫిలేమోను పత్రికలో తన జతపనివాళ్ళలో ఒకడిగా పేరు పెట్టి చెప్పాడు పౌలు. కలిసి పనిచేసి, దగ్గరగా చూసి, వెళ్ళిపోయినందుకు నొచ్చుకుని రాసిన మాట అది. నెలల తరబడి ఆరాధనకు రాని మనిషికి ఒక్క ఫోన్ కూడా చేయనివాళ్ళం ఆ వచనాన్ని తీసుకెళ్ళి అతనికి అంటించడం న్యాయం కాదు.

విత్తువాని ఉపమానం చూడండి. పంట రాకపోవడానికి యేసు ఒక్క కారణంతో సరిపెట్టలేదు. దారి పక్కన పడిన విత్తనం వాక్యం విని గ్రహించనివాడి సంగతి. రాతినేల మీద పడింది సంతోషంగా మొలిచి, శ్రమో హింసో రాగానే వేరు లేక ఎండిపోయింది. ముళ్ళ మధ్య పడినదాన్ని బతుకు చింతలూ డబ్బు మోజూ నొక్కేశాయి. అర్థం కాక వెళ్ళిపోయినవాడూ, దెబ్బ తగిలి వెళ్ళిపోయినవాడూ, సుఖాల మధ్య దేవుణ్ణి మర్చిపోయినవాడూ ముగ్గురూ ఒకటి కాదు. ముగ్గురికీ ఒకే ప్రసంగం చేస్తే పనికిరాదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది అబద్ధపు వాగ్దానాల వల్ల పోయినవాళ్ళ సంగతి. యేసును నమ్ముకో, జబ్బు తగ్గుతుంది, అప్పులు తీరతాయి, పిల్లలు పుడతారు, ఉద్యోగం వస్తుంది అని చెప్పి పిలుస్తారు. ఆ మనిషి నిజంగానే నమ్ముతాడు, ఉపవాసాలు ఉంటాడు, రాత్రంతా ప్రార్థన చేస్తాడు, ఉన్నదాంట్లోంచి కానుక కూడా ఇస్తాడు. జబ్బు తగ్గదు. అప్పుడు చెప్పేదేమిటంటే, నీ విశ్వాసం సరిపోలేదు, నీలో ఏదో దాచిన పాపం ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట అనేవాళ్ళు ఉన్నారు! ఆమె ఆ తర్వాత గుడి మెట్లు ఎక్కకపోతే దాన్ని విశ్వాసభ్రష్టత్వం అనడానికి నాకు నోరు రాదు. ఆమెకు ఎవరూ సువార్త చెప్పలేదు, సువార్త పేరుతో ఒక బేరం చెప్పారు, ఆ బేరం తప్పింది.

బైబిల్ ఎక్కడా ఆ బేరం ఆడలేదు. రెండో కొరింథీ 12లో పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు తీసేసినట్టు ఆ పత్రికలో ఎక్కడా లేదు. రెండో తిమోతి చివర్లో, తన సహచరుడు త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో విడిచి వచ్చానని మామూలుగా రాసేశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా? 88వ కీర్తన మొదటినుంచి చివరిదాకా ఏడుపే, చివరి మాట కూడా చీకటి గురించే, ఊరట ఒక్క ముక్క లేకుండా ముగుస్తుంది. అలాంటి ప్రార్థన దేవుని వాక్యంలో ఉందంటే, అలా ఏడ్చేవాడికి దేవుని ముందు చోటుందనే కదా. కొత్తగా నమ్మినవాళ్ళకు మొదట్లోనే ఈ కీర్తన చదివించాలని నాకు చాలా గట్టిగా అనిపిస్తుంది. కష్టం వచ్చాక దాన్ని వెతుక్కునే ఓపిక ఉండదు.

ఇంకొందరు మనుషుల్ని చూసి వెళ్ళిపోతారు. వేదిక మీద పరిశుద్ధత గురించి మాట్లాడే మనిషి డబ్బు దగ్గర, ఆడవాళ్ళ దగ్గర, బలహీనుల దగ్గర ఎలా ఉంటాడో దగ్గరగా చూసినవాళ్ళు వీళ్ళు. అన్యాయం జరిగిందని చెబితే "అభిషిక్తుడి మీద మాట్లాడకు" అని నోరు మూయించబడినవాళ్ళు. వీళ్ళకు మనం ఇచ్చే సలహా "మనుషుల్ని చూడకు, దేవుణ్ణి చూడు". మాట మంచిదే కానీ గాయపడినవాడికి అది చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. యేసు ఇలా దులుపుకోలేదు. మత్తయి 23:13లో ఆనాటి మతపెద్దలైన శాస్త్రులనూ పరిసయ్యులనూ పట్టుకుని, మీరు పరలోక రాజ్యంలోకి వెళ్ళరు, వెళ్ళేవాళ్ళను వెళ్ళనివ్వరు, మనుషుల ముందే తలుపు మూసేస్తున్నారు అన్నాడు. అంటే బయట నిలబడిపోయినవాళ్ళలో కొందరి విషయంలో, తలుపు మూసినవాడిదే తప్పని ఆయనే చెప్పాడు. చిన్నవాళ్ళలో ఒకరిని తొట్రుపడేలా చేసినవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలన్న మాట కూడా ఆయనదే.

ప్రశ్నలవల్ల పోయేవాళ్ళు వేరు. విశ్వాసుల ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్లల్లో వీళ్ళు ఎక్కువ అని నా గమనింపు. ఇంత బాధ ఎందుకు, నరకం న్యాయమేనా, సృష్టి గురించి సైన్స్ చెప్పేదాన్ని ఏం చేయాలి అని అడుగుతారు. ప్రశ్న వినగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, సాతాను శోధన అని ప్రార్థన పెడతారు, జవాబు మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లవాడు అడగడం మానేస్తాడు, కొన్నాళ్ళకు రావడం కూడా మానేస్తాడు. 1940లలో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహంతో కలిసి పెద్ద సభల్లో సువార్త ప్రకటించిన చార్లెస్ టెంపుల్టన్ అనే ఆయన ఇలాంటి ప్రశ్నలతోనే ఏళ్ళ తరబడి సతమతమై, 1957లో నేను ఇక నమ్మలేనని చెప్పి పరిచర్య వదిలేశాడు. అతని ముగింపుతో నేను ఏకీభవించను. కానీ అతని ప్రశ్నలు నాటకం కావు.

యేసు శిష్యుడు తోమా విషయంలో మనం పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. సిలువ మీద చనిపోయిన యేసు తిరిగి లేచాడని మిగతావాళ్ళు చెబితే, ఆయన చేతుల్లో మేకుల గురుతులు చూడకపోతే నమ్మనే నమ్మను అని అతను తేల్చి చెప్పాడు. ఎనిమిది రోజుల తర్వాత యేసు వచ్చేసరికి అతను ఎక్కడున్నాడు? మిగతా శిష్యులతోనే, అదే ఇంట్లో. నమ్మను అన్నవాణ్ణి వాళ్ళు బయటికి పంపలేదు, అతనూ పోలేదు. మన మధ్య అలా నమ్మకం లేకుండా ఎనిమిది రోజులు కూర్చోగలిగే చోటు ఉందా?

సరే, తప్పంతా సంఘానిదే అంటే అదీ అబద్ధమే. మనుషులు బాగా చూసుకున్నా, జవాబులు దొరికినా, రక్షణ అనే మాట దగ్గరే ఆగిపోయేవాళ్ళు ఉన్నారు, ఎందుకంటే ఆ మాటకు ముందు నువ్వు పాపివి, నిన్ను నువ్వు రక్షించుకోలేవు అని ఉంటుంది. చెడ్డవాళ్ళకంటే మంచివాళ్ళకు ఇది మింగుడుపడదు. జీవితమంతా నీతిగా బతికి, కష్టపడి పైకొచ్చి, ఎవరికీ రూపాయి బాకీ లేనివాడికి ఉచితంగా తీసుకో అంటే అవమానంగా ఉంటుంది. సిరియా సేనాపతి నయమాను కుష్ఠు పోగొట్టుకోవడానికి వెండి బంగారాలు మోసుకుని వచ్చాడు. ప్రవక్త ఎలీషా కనీసం బయటికైనా రాకుండా, యొర్దానులో ఏడుసార్లు స్నానం చేయమని కబురు పంపాడు. నయమాను మండిపడి వెనక్కి తిరిగాడు. ఏదైనా గొప్ప పని చేయమంటే చేసేవాడే. తండ్రీ, ప్రవక్త గొప్ప కార్యం చెబితే చేయవా అని పనివాళ్ళు నచ్చజెప్పబట్టి దిగాడు. సిలువ దగ్గర మనకు అడ్డుపడేది చాలాసార్లు ఈ పౌరుషమే.

భయపడి ఆగేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అధికారుల్లో చాలామంది యేసును నమ్మి కూడా, సమాజమందిరంలోంచి వెలివేస్తారని ఒప్పుకోలేదని యోహాను 12లో ఉంది. రోమా అధిపతి ఫేలిక్సు, తన చెరలో ఉన్న పౌలు మాటలు విని వణికాడు, నాకు సమయమైనప్పుడు పిలిపిస్తానన్నాడు. తర్వాత చాలాసార్లు పిలిపించాడు కూడా, లంచం ఇస్తాడేమోనని. రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి. అతను వద్దు అని ఎప్పుడూ అనలేదు, వాయిదా వేశాడు, అంతే.

ఆ ఆస్తిపరుడైన యువకుడి దగ్గరకు వస్తే నాకు ప్రతిసారీ మనసు భారమవుతుంది. నిత్యజీవం కోసం పరుగెత్తుకుంటూ వచ్చి, మోకాళ్ళూని అడిగి, ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నన్ను వెంబడించు అనేసరికి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. యేసు అతన్ని చూసి ప్రేమించాడని మార్కు 10:21 చెబుతుంది. ప్రేమించినా షరతు తగ్గించలేదు, వెనకాల పరుగెత్తి సగం అమ్ము చాలు అనలేదు. వెళ్ళనిచ్చాడు. అతను వెళ్ళాక తిట్టలేదు కూడా. మనవాళ్ళు వెళ్ళిపోయినప్పుడు మనం చేసేవి సరిగ్గా దీనికి తలకిందులు: ఉన్నన్నాళ్ళూ సత్యం తగ్గించి చెప్పి నిలుపుకోవాలని చూస్తాం, వెళ్ళాక శపిస్తాం.

వెళ్ళినవాడు తిరిగి వస్తానంటే ఏం చేయాలన్న గొడవ కొత్తదేం కాదు. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. చాలామంది క్రైస్తవులు ప్రాణభయంతో బలి వేశారు, కొందరు డబ్బిచ్చి బలి వేసినట్టు కాగితం కొనుక్కున్నారు. హింస తగ్గాక వీళ్ళు ఏడుస్తూ వచ్చారు. రోములో నొవేషియన్ చేర్చుకోకూడదని పట్టుబట్టి విడిపోయాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్, 251లో అక్కడ కూడిన సభ, ఒక్కొక్కరి సంగతి విడిగా చూడాలన్నారు. కాగితం కొన్నవాళ్ళ విషయం వేరు, బలి వేసినవాళ్ళ విషయం వేరు, కానీ పశ్చాత్తాపపడినవాడికి దారి మూయకూడదు. ఎవరు ఏ పరిస్థితిలో పడిపోయారో అడిగి తెలుసుకున్నారు, నేను ఇక్కడ పట్టుబడుతున్నది దాని గురించే.

ఇప్పటికీ తిరిగి రావాలనుకునేవాళ్ళకు హెబ్రీ 6 చూపించి భయపెట్టేవాళ్ళున్నారు. ఒకసారి వెలిగించబడి తప్పిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని ఉంది కదా అని. ఆ హెచ్చరిక నిజమైనదే, నేను దాన్ని పలచన చేయను. కానీ ఆరో వచనం దగ్గర పుస్తకం మూసేయకండి. మేం ఇలా మాట్లాడుతున్నా, ప్రియులారా, మీరు ఇంతకంటే మంచి స్థితిలో, రక్షణకు తగిన స్థితిలో ఉన్నారని గట్టిగా నమ్ముతున్నాం అని ఆ పత్రిక రాసినవాడు అదే చేత్తో తొమ్మిదో వచనం రాశాడు. నాకింక చోటు లేదేమోనని భయపడుతూ ఇది చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ తొమ్మిదో వచనం కూడా చదవండి.