ఫొటో లేకుండా వేసివ్వండి బాబూ

విశాఖ మహారాణిపేటలో జిరాక్స్, డీటీపీ షాపు పెట్టుకున్న నాలాంటివాడికి ఊరి కష్టాలన్నీ కాగితాల రూపంలో చేతికొస్తాయి. ఒకపక్క కేజీహెచ్ పెద్దాసుపత్రి, ఇంకోపక్క కలెక్టరేట్. సోమవారం పొద్దున్నే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లే అర్జీలు. మిగతా రోజుల్లో డిశ్చార్జి సమ్మరీలు, రేషన్ కార్డులు, స్కానింగ్ రిపోర్టులు. వీటికితోడు ఈమధ్య బాగా పెరిగిన పని, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకోడానికి "దయచేసి ఆదుకోండి" పోస్టరు తయారుచేసివ్వడం.

ఇవి చూసి చాలామంది అనే మాట ఒకటుంది. ఆరోగ్యశ్రీ ఉండగా మళ్లీ ఈ అడుక్కోవడం ఏమిటని. 2007లో వచ్చిన ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, జనం నోట్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే. అది లేకపోతే ఇంకెన్ని కుటుంబాలు రోడ్డున పడేవో, కాదనను. కానీ అది పనిచేయాలంటే ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండాలి, జబ్బు జాబితాలో ఉండాలి. అర్ధరాత్రి రోడ్డు మీద దెబ్బ తగిలిన మనిషిని ఎత్తుకెళ్లేవాళ్లు జాబితా చూసుకుని వెళ్లరు, దగ్గర్లో లైటు వెలుగుతున్న ఆసుపత్రికి వెళతారు.

పోస్టరు కోసం నా షాపుకి వచ్చిన ఒక కుటుంబానికి జరిగింది అదే. తండ్రి తాపీ మేస్త్రి. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. ఆనందపురం దగ్గర హైవే మీద స్కూటీని వెనకనుంచి ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. తలకి దెబ్బ. చేర్పించిన చోట కార్డు చెల్లదన్నారు. వేరేచోటికి తీసుకెళ్దామంటే వెంటిలేటర్ మీద ఉన్న పిల్లని కదపకూడదన్నారు. రోడ్డు ప్రమాదం బాధితులకి మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అని కేంద్రం 2025 మేలో పథకం ఇచ్చింది. దానికీ ఎంపిక చేసిన ఆసుపత్రులే. ఈ సంగతులన్నీ వాళ్లకి తెలిసేసరికి బిల్లు నాలుగు లక్షలు దాటింది.

పోస్టరు వేయించుకోడానికి తల్లి, మేనమామ వచ్చారు. మేనమామ ఫోన్లో ఐసీయూ ఫొటో సిద్ధంగా ఉంది. గుండు చేసిన తల, నోట్లో గొట్టం, వాచిపోయిన కళ్లు. అది పెద్దదిగా పైన వెయ్యమన్నాడు.

"ఫొటో లేకుండా వేసివ్వండి బాబూ," అంది తల్లి.

"ముఖం కనపడకపోతే ఎవడేస్తాడక్కా డబ్బులు?"

"రేపు దానికి సమ్మందం రావాలి గదరా. ఈ ఫొటో ఎక్కడెక్కడ తిరుగుతాదో ఎవుడికి తెలుసు?"

"ముందు పిల్ల బతకాలా, సమ్మందమా?"

"బతుకుద్ది. బతికినాక సంగతే సెప్తన్నాను. నీ కొడుక్కి సేసుకుంటావేటి?"

మేనమామ నోరు మూతపడింది. నా దగ్గర ఆధార్ జిరాక్స్‌కి వచ్చిన ఇంకో ఇద్దరు ఉన్నారప్పుడు, వాళ్లూ తలలు తిప్పేసుకున్నారు. మావైపు మేనరికం అనేది సరదాకి ఎత్తే మాట కాదు మరి.

మేనమామ అన్నదీ తప్పు కాదు. ఫొటో ఉన్న పోస్టరుకీ లేనిదానికీ వచ్చే డబ్బులో తేడా ఉంటుంది, నేను చూస్తూనే ఉన్నాను. పసిపిల్లల ఫొటో అయితే ఇంకా. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి వెన్నెముక కండరాల జబ్బుకి 16 కోట్ల ఇంజెక్షన్ కోసం వేలమంది తలా కాస్తా వేస్తే డబ్బు సమకూరింది. ఆ పేరుతోనే ఇప్పుడు ప్రతి తల్లిదండ్రులకీ ఎవరో ఒకరు చెబుతారు, ఫొటో పెట్టండి, ఏడుస్తున్న వీడియో పెట్టండి అని. కానీ అప్పుడు బుల్లోడి ముఖం. ఇప్పుడు పంతొమ్మిదేళ్ల ఆడపిల్ల ముఖం. పిల్ల లేచి కాలేజీకి వెళ్లాక కూడా ఆ ఫొటో గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. వెయ్యి రూపాయలు వేసినందుకు ఆ ముఖం చూసే హక్కు మనకుందా అంటే, లేదనే నా లెక్క.

ఫొటో ఉండాల్సిన చోట ఆసుపత్రివాళ్లు ముద్ర వేసిచ్చిన ఎస్టిమేట్ లెటర్ పెట్టాను. ఐపీ నంబరు (ఇన్‌పేషెంట్‌గా చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), వార్డు, ఇంతవరకు కట్టింది ఎంత, ఇంకా కట్టాల్సింది ఎంత. "గుప్పెడు ప్రాణం", "కన్నీటి గాథ" లాంటివి తీసేశాను. తండ్రి తాపీ పని చేస్తాడు, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కూలి లేదు అని ఒక వాక్యం. చూడ్డానికి కరెంటు బిల్లులా ఉందని మేనమామ మొహం మాడ్చుకున్నాడు.

తర్వాత వచ్చిన చిక్కు ఎవరూ ఊహించనిది. తల్లి ఇచ్చిన బ్యాంకు ఖాతా, పూర్తి కేవైసీ లేకుండా ఎప్పుడో క్యాంపులో తెరిచిన చిన్న ఖాతా. అలాంటి ఖాతాలో ఏడాదికి మొత్తం లక్షకి మించి జమ కాకూడదు, నిల్వ యాభై వేలు దాటకూడదు, నెలకి పదివేలకి మించి తీయకూడదు. డబ్బు వేద్దామనుకున్నవాళ్లు "పోవట్లేదు" అని ఫోన్లు చేస్తుంటే, మేనమామ అది పోస్టరు మీద నేను వేసిన క్యూఆర్ కోడ్ తప్పనుకుని నా మీదకొచ్చాడు. బ్యాంకుకి ఆధార్, పాన్ పట్టుకెళ్లి కేవైసీ చేయించాక దారిలో పడింది. పోస్టరు వేయించుకునేవాళ్లకి ఇప్పుడు నా మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, పాస్‌బుక్ గురించి.

రెండో ప్రశ్న ఫోన్ ఎవరిదని. తల్లి నంబరు వేస్తే ఐసీయూ బయట కూర్చున్న మనిషికి రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు. డబ్బు వేసేవాళ్లు తక్కువ, విచారణాధికారులు ఎక్కువ. హెల్మెట్ పెట్టుకుందా అంటారు, ఒక్కర్తే ఉందా, ఎవరితో వెళ్తోంది అంటారు. ఇంకొకాయన ఎనభై జీ రసీదు ఇస్తారా అని అడిగాడట. మనిషికి నేరుగా ఇచ్చే సాయానికి పన్ను మినహాయింపు ఉండదు, అది కావాలనుకుంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపుకోవచ్చు. ఆ తల్లికి చెబితే ఏం అర్థమవుతుంది? అందుకే మేనమామ నంబరు వేయించాను. ఆయనకి కోపం ఎక్కువే కానీ ఇలాంటివాళ్లకి సమాధానం చెప్పగలడు.

అడిగేవాళ్లని పూర్తిగా తప్పుపట్టలేను. నేను వేసిన పోస్టరే, కింద క్యూఆర్ కోడ్ మాత్రం ఇంకెవడిదో, మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది ఒకసారి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. దొంగ ఎవడో తేలలేదుగానీ, అసలు కుటుంబాన్ని జనం అనుమానించడం మొదలుపెట్టారు. అది ఈ మేస్త్రి కుటుంబం కాదు, వేరేవాళ్లు.

మేస్త్రి కూతురు పోస్టరు చూసి సీతమ్మధార నుంచి ఒక రిటైరైన పెద్దాయన నా షాపుకే వచ్చారు. నిజమేనా బాబూ అన్నారు. నిజమేనండీ, కావాలంటే ఆ ఐపీ నంబరు చెప్పి మీరే బిల్లింగ్ కౌంటర్‌లో కట్టండి అన్నాను. ఆయన వెళ్లి కట్టి, పిల్ల పేరు మీద ఇచ్చిన రసీదు ఫొటో నాకు పంపారు. పేరు ఎక్కడా చెప్పొద్దన్నారు.

పిల్ల ఇంటికెళ్లింది. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదట. తండ్రి ఇప్పుడు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒరిజినల్ బిల్లులు, సమ్మరీ, ఆధార్, అన్నీ నా దగ్గరే జిరాక్స్. చెక్కు వస్తే మూడు నెలల్లోపు బ్యాంకులో వేసెయ్యమని ఇప్పటినుంచే చెబుతున్నాను, బీరువాలో దాచుకుని గడువు దాటబెట్టినవాళ్లున్నారు.

ఆ పెద్దాయన వచ్చినప్పటినుంచి ప్రతి పోస్టరులో "డబ్బు నేరుగా ఆసుపత్రి కౌంటర్‌లో కట్టవచ్చు" అని వేస్తున్నాను. కొందరికి అది నచ్చదు. మొన్న పాడేరు వైపు నుంచి వచ్చినాయన మొహమాటపడుతూ అడిగాడు, "అందరూ అక్కడే కట్టేస్తే మాకు రూము అద్దె, భోజనం ఎలాగండి?" సరైన ప్రశ్నే. ఇప్పుడు రెండూ వేస్తున్నాను, కౌంటర్ సంగతీ, క్యూఆర్ కోడూ. ఏది పైన ఉండాలో వాళ్లనే చెప్పమంటున్నాను.